పాత ఫియట్‌కి డ్యూకోనా, క్లియర్ కోటా? పెయింటింగ్ షాపు నుంచి ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తాతగారి 1968 ఫియట్ 1100 విశాఖ ఎంవీపీ కాలనీలో మీ ఇంటి షెడ్డులో ఉంది. పైన ఎప్పుడో వేయించిన తెల్ల రంగు. డిక్కీ లోపల మాత్రం లేత నీలం కనిపిస్తోంది. ఒక పెయింటరు "అసలైన డ్యూకో, ఆ పాతకాలం కారు రంగు, కొడితేనే పాత కారులా ఉంటుంది" అన్నాడు. ఇంకొకాయన "ఇప్పటి కార్లకి వేసినట్టు క్లియర్ కోట్ వేస్తే అద్దంలా మెరుస్తుంది" అన్నాడు. ఎవరి మాట వినాలి? అసలు ఆ పాత రంగులు ఇప్పటి కార్ల మీద ఎందుకు కనిపించవు?

ముందు సమాధానం చెప్పేస్తాను. ఇద్దరి మాటా సగం సగమే వినండి. షేడు పాతది ఉంచండి, పెయింటు కొత్తది వాడండి, పైన క్లియర్ కోట్, అంటే రంగు లేని మెరుపు పొర, మాత్రం వేయించకండి. షాపులో అడగాల్సింది "2కె పీయూ సాలిడ్ కలర్, డైరెక్ట్ గ్లాస్" అని. 2కె పీయూ అంటే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే పాలియురేథేన్ రంగు, సాలిడ్ అంటే మెటాలిక్ పొడి లేనిది, డైరెక్ట్ గ్లాస్ అంటే పైన క్లియర్ లేకుండానే దాని మెరుపు దానికే ఉండేది. పూర్తిగా గట్టిపడ్డాక సన్నటి వాటర్ పేపర్‌తో రుద్ది, కాంపౌండ్ (రుద్దే పేస్టు) పెట్టి పాలిష్ చేస్తే మీరు కోరుకుంటున్న పాత లుక్ దాదాపు వచ్చేస్తుంది. ఇక కారణాలు.

గాజువాక ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా టింకరింగ్, పెయింటింగ్ షాపు నడుపుతున్నాను. రోజూ వచ్చేవి ఇప్పటి కార్లే. పాత అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు, విల్లీస్ జీపులు అప్పుడప్పుడు వస్తాయి. వాటి ఓనర్లందరూ పట్టుకొచ్చే ప్రశ్న మీదే. "అదే రంగు వేశారు, కానీ అలా లేదేంటి?" అంటారు. షేడు కార్డు పక్కన పెట్టి చూస్తే తేడా ఉండదు. కారు మీద చూస్తే ఉంటుంది. ఎందుకంటే మన కంటికి రంగొక్కటే కాదు, ఆ రంగు మీద వెలుగు ఎలా పడి ఎలా తిరిగొస్తోందో కూడా కనిపిస్తుంది.

పాత పెయింటులో రంగు పొడి, అంటే పిగ్మెంటు, పై పొర దాకా ఉంటుంది. వెలుగు నేరుగా దాని మీద పడి నాలుగు వైపులా చెదురుతుంది. అందుకే లేత నీలం, పిస్తా ఆకుపచ్చ, పాలమీగడ రంగు లాంటివి మెత్తగా, నిండుగా కనిపిస్తాయి. మెరుపు ఉంటుంది గానీ కళ్లలో గుచ్చుకోదు. ఇప్పటి కారు మీద రంగు పొర చాలా పలచన. దాని మీద రంగు లేని క్లియర్ కోట్ మందంగా కూర్చుంటుంది. వెలుగు మొదట ఆ పొర దగ్గరే కొంత వెనక్కి తిరుగుతుంది, మిగిలింది లోపలికి వెళ్లి రంగు తెచ్చుకుంటుంది. దాంతో ఎప్పుడూ తడిగా ఉన్నట్టు, రంగు ఎక్కడో లోతులో ఉన్నట్టు అనిపిస్తుంది. ముదురు ఎరుపుకి, మెటాలిక్ నీలానికి అది అందమే. పాలమీగడ రంగుకి మాత్రం అస్సలు నప్పదు. మహారాణిపేట నుంచి ఒక కుటుంబం వాళ్ల అంబాసిడర్‌ని వేరేచోట క్లియర్ కోట్‌తో చేయించుకుని, బాగోలేదని నా దగ్గరికి తెచ్చారు. పనిలో వంక పెట్టడానికి లేదు, షేడు కూడా సరిగ్గానే ఉంది. కానీ ఆ గుండ్రటి బాడీ మీద ఆ మెరుపు కొత్త ప్లాస్టిక్ బకెట్‌లా ఉంది. క్లియర్‌ని 2000 పేపర్‌తో కొంచెం చంపి చూశాం, కొద్దిగా నయమైంది. పూర్తిగా పోవాలంటే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

మెటాలిక్ సంగతి వేరు. అందులో ఉండేది అల్యూమినియం రేకుల పొడి. గాలి తగిలితే అది నల్లబడుతుంది, పాలిష్ చేస్తే పైనున్న రేకులు తెగి మచ్చలు పడతాయి. కాబట్టి మెటాలిక్ అయితే పైన క్లియర్ తప్పదు. మీది సాలిడ్ నీలం కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక డ్యూకో. కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో గుర్రబ్బగ్గీలకి వేసే వార్నిష్ రంగుల్నే కుంచెతో వేసేవారు. ఒక్కో పొర ఆరుతూ పని పూర్తవడానికి వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా ఒక్క నలుపులోనే దొరికింది. ఆ మధ్యలోనే డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ లాకర్ (త్వరగా ఆరే రంగు) తెచ్చింది, దాని పేరే డ్యూకో. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకి నీలం రంగులో దాన్ని వాడటంతో జనరల్ మోటార్స్ పెయింటు పని వారాల నుంచి గంటల్లోకి వచ్చింది. కార్లకి అన్ని రంగులు రావడం అక్కడ ఊపందుకుంది. 1930ల్లో ఆల్కిడ్ ఎనామెళ్లు, 1950ల్లో ఆక్రిలిక్ లాకర్లు వచ్చాయి. రంగు మీద క్లియర్ వేసే పద్ధతి 1980ల నుంచి అన్ని కంపెనీలకీ పాకింది. మన షాపుల్లో ఇప్పుడు డ్యూకో అంటే స్ప్రే గన్‌తో కొట్టే ఏ రంగైనా డ్యూకోనే. మీ పెయింటరు చెప్పేది బహుశా ఎన్.సి., అంటే ఆ నైట్రోసెల్యులోజ్ పెయింటు గురించి.

ఎన్.సి. చెడ్డ పెయింటేం కాదు. పని నేర్చుకునేవాడికి అంత సుఖమైనది ఇంకోటి లేదు. థిన్నర్ ఆవిరైతే చాలు ఆరిపోతుంది. కారినా, దుమ్ము పడినా రుద్ది మళ్లీ కొట్టొచ్చు. రబ్బింగ్ చేస్తే వచ్చే ఆ మెత్తటి మెరుపు దానిదే. చిక్కంతా మన ఊరి గాలితో. ఎన్.సి.లో థిన్నర్ త్వరగా ఆవిరవుతూ రేకు పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పట్టి, రంగు మీద పొగమంచులా తెల్లటి మసక వస్తుంది. షాపుల్లో "బ్లష్ కొట్టింది" అంటారు. నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలిపి కొంతవరకు నెట్టుకురావచ్చు. ఒకసారి అక్టోబరులో, తుపాను హెచ్చరిక ఉన్న వారంలో, ఒక జీపు ఓనరు ఎన్.సి.యే కావాలని పట్టుబట్టాడు. ముదురు ఆకుపచ్చ కొడితే ఆరేసరికి బూడిద పూసినట్టయింది. ఎండ వచ్చేదాకా బండిని అలా పక్కన పెట్టాం. ముదురు రంగుల మీద ఈ మసక మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండో చిక్కు, ఎన్.సి. పొర ఎన్నేళ్లయినా థిన్నర్‌కి కరుగుతుంది. పెట్రోలు ఒలికితే మచ్చ, ఎండకి పసుపు, ఏళ్లు గడిచేకొద్దీ సన్నటి పగుళ్లు. 2కె పెయింటు అలా కాదు. హార్డెనర్‌తో రసాయనికంగా ముడిపడి గట్టిపడుతుంది కాబట్టి తర్వాత థిన్నర్ పోసినా కరగదు. సముద్రానికి ఇంత దగ్గరలో, ఉప్పుగాలిలో ఉండే కారుకి నేను వేరే మాట చెప్పలేను. పోటీలకి పంపే మ్యూజియం కారైతే, ఏసీ గ్యారేజీ ఉంటే, అప్పుడు ఎన్.సి. గురించి మాట్లాడుకుందాం.

అయితే ఏదైనా కొట్టే ముందు ఇప్పుడు మీద ఉన్నదేంటో తెలుసుకోండి. తెల్ల దూదికి థిన్నర్ తడిపి, కనిపించని చోట అరనిమిషం ఒత్తి పట్టండి. రంగు కరిగి దూదికి అంటితే అది ఎన్.సి. పొర. దాని మీద నేరుగా 2కె కొడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. అలాంటప్పుడు రేకు దాకా తీసేయడమే మంచిది. కరగకపోతే కంపెనీ ఓవెన్లో వేడికి గట్టిపడిన ఎనామెల్ గానీ, 2కె గానీ అయ్యుంటుంది.

పాత రంగు గీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ కాలం పసుపు, నారింజ, కొన్ని ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే క్రోమేట్ పిగ్మెంట్లు వాడేవారు. పాత ప్రైమర్లలోనూ సీసం ఉండొచ్చు. ఇంట్లో పిల్లలుండగా షెడ్డులో పొడిగా రుద్దించకండి. తడిపి రుద్దాలి, ఆ బురదని కాలువలో పోయకుండా ఎత్తాలి, మాస్క్ తప్పనిసరి. 2కె కొట్టేటప్పుడు ప్రమాదం ఇంకో రకం. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, పీలిస్తే ఆస్తమా రావచ్చు. ముక్కుకి రుమాలు కట్టుకుని కొట్టే పెయింటర్లు ఇప్పటికీ ఉన్నారు. మీరు పని ఇచ్చే చోట అలా కనిపిస్తే ఇంకో షాపు చూసుకోండి. తన ఊపిరితిత్తుల్నే పట్టించుకోనివాడు మీ ప్రైమర్‌ని పట్టించుకుంటాడని నేననుకోను.

పాత రంగులు ఇప్పుడెందుకు లేవన్నారు. కొంత ఈ సీసం వల్లే. ఆ పసుపు, నారింజ రంగులు ఒక్క కోటుకే కింద ఉన్నదాన్ని మూసేసేవి, ధర కూడా తక్కువ. వాటి బదులు వచ్చిన సేంద్రియ పిగ్మెంట్లు ప్రకాశంగానే ఉంటాయి గానీ అంతగా కప్పవు. అందుకే ఇప్పుడు పసుపు కొట్టాలంటే కింద దానికి తగిన రంగు ప్రైమర్ వేసుకోవాలి. ఎరుపు విషయంలో మాత్రం కొత్తదే గెలిచింది. పాత ఎరుపులు ఎండకి గులాబీ రంగుకో, ఇటుక రంగుకో తిరిగేవి. 1958లో క్వినాక్రిడోన్ పిగ్మెంట్లు మార్కెట్లోకి వచ్చాయి. 1980ల్లో డీపీపీ ఎరుపులు వచ్చాయి, వాటిలో ఒకదాన్ని ఫెరారీ ఎరుపు అని కూడా అంటారు. ఇవి ఎండకి బాగా ఆగుతాయి. లాసన్స్ బే నుంచి వచ్చిన ఒక స్టాండర్డ్ హెరాల్డ్‌కి బానెట్ మీద ఉన్న ఎరుపు, స్టెప్నీ కింద ఉన్న ఎరుపు రెండు వేర్వేరు రంగులు అనిపించాయి. ఓనరుకి చిన్నప్పటి నుంచి చూసిన వెలిసిన ఎరుపే ఇష్టం. స్టెప్నీ కింద ఉన్నది అసలుది. ఆయన కోరినట్టే వెలిసిన షేడే కలిపాం. నాకు నచ్చలేదు, కానీ కారు ఆయనది.

మిగతాది వ్యాపారం. ఇప్పటి కొనుగోలుదారుడు తిరిగి అమ్మేటప్పుడు ఎంత వస్తుందని చూసుకునే రంగు ఎంచుకుంటాడు. తెలుపు ఎండకి తక్కువ వేడెక్కుతుంది, బూడిద, సిల్వర్ దుమ్ముని దాచుకుంటాయి. ప్రపంచమంతా కూడా తెలుపే ముందుంటోంది. అయితే పాత రోజుల్లో మన దేశంలో రంగులు కుప్పలుగా ఉండేవనుకోవడం కూడా భ్రమే. దొరికినవే కొన్ని కార్లు, వాటికి కొన్ని రంగులు. మనకి గుర్తున్నవి మాత్రం ఆ లేత రంగులు. ఈమధ్య ఆడి నార్డో గ్రే లాంటి మెటాలిక్ లేని సాలిడ్ షేడ్లు మళ్లీ ఫ్యాషన్ అయ్యాయి. కుర్రాళ్లు ఫొటో పట్టుకొచ్చి "ఇది కావాలి అన్నా" అంటారు. దూరం నుంచి అది నాకు ప్రైమర్ కొట్టి వదిలేసిన కారులాగే కనిపిస్తుంది. నా వయసు తప్పేమో.

కొత్త పెయింటుకి ఉన్న ఒక లోపం ఎవరూ చెప్పరు. పాతది మసకబారుతుంది, కొత్తది ఊడుతుంది. పాత సాలిడ్ రంగు ఎండకి సుద్దలా అయితే కాంపౌండ్ పెట్టి ఆ పై పొర తీస్తే కింద మళ్లీ అసలు రంగు వస్తుంది. గుడ్డకి రంగు అంటిందని కంగారు పడకండి, అది చచ్చిన రంగు. క్లియర్ కోట్ పాడైతే అలా కుదరదు. టాప్ మీదా, బానెట్ మీదా తెల్లటి మచ్చలొచ్చి పొట్టులా లేస్తుంది. దానికి పాలిష్ లేదు, రీపెయింటే. మధురవాడ అపార్టుమెంట్లలో షెడ్డు లేక ఆరుబయట నిలిపే కార్ల టాపులు చూడండి, తెలుస్తుంది.

ఇంకోటి కూడా మన ఊరిలోనే ఎక్కువగా చూస్తాను. పోర్టు చుట్టుపక్కల జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు నిలిపే తెల్ల కార్ల మీద నారింజ చుక్కలు వస్తాయి. ఓనరు వచ్చి "కారు తుప్పు పట్టింది, రంగు నకిలీదండీ" అంటాడు. తుప్పు పట్టింది కారు కాదు, గాలిలో వచ్చి రంగు మీద అతుక్కున్న ఇనుప రజను. క్లే బార్‌తో (రంగు మీది మురికిని లాగే మట్టి ముద్ద) రుద్దినా, ఐరన్ రిమూవర్ వాడినా పోతుంది. మీ ఫియట్ ఇప్పుడు తెల్లగా ఉంది కాబట్టి దాని మీదా అలాంటి చుక్కలుంటే భయపడకండి. తలుపుల అడుగున, చక్రాల ఆర్చిల దగ్గర బుడగల్లా లేచిన చోట మాత్రం భయపడండి, అది నిజమైన తుప్పు. లోపలి నుంచి వస్తుంది, ఏ పెయింటూ దాన్ని ఆపదు. రేకు కోసి కొత్తది అతికించాల్సిందే. లప్పం పెట్టి మూసేస్తామంటే ఒప్పుకోకండి.

అసలు షేడు దొరికించుకోవడం ఎలాగో చెప్తాను, పనంతా ఇక్కడే ఉంది. డిక్కీ లోపలి రంగు ఒక్కటే చూసి నమ్మకండి. కొన్ని బండ్లకి లోపల సరిగా కొట్టరు, పలచగా ఉంటుంది. తలుపు ట్రిమ్ విప్పి దాని వెనక, డాష్‌బోర్డు కింద, రబ్బరు బీడింగ్ కింద, చాసిస్ నంబరు ప్లేటు కింద చూడండి. ఎండ తగలని చోట కూడా పాత పొర కొంచెం పసుపెక్కి ఉంటుంది. కాబట్టి ముందు 1500, తర్వాత 2000 వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, పాలిష్ పెట్టాకే కొలవండి. తెలుపు కింద ఇంకా ఏమున్నాయో చూడాలంటే ఒక రూపాయి బిళ్ల అంత చోట రుద్దుకుంటూ పోండి. వలయాలు వలయాలుగా అన్ని కోట్లూ బయటపడతాయి. రేకుకి, ప్రైమరుకి ఆనుకుని ఉన్న వలయమే కంపెనీ రంగు.

పెయింటు కలిపే దుకాణాల్లో ఇప్పుడు షేడు కొలిచే స్పెక్ట్రో మిషన్లు ఉన్నాయి. మిషన్ ఇచ్చిన ఫార్ములాని మొదలుగా తీసుకోండి, అక్కడితో ఆగకండి. చిన్న రేకు ముక్క మీద కొట్టించి, పూర్తిగా ఆరాక, పాలిష్ చేశాక, అసలు ముక్క పక్కన పెట్టి పొద్దున ఎండలో, నీడలో, రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూడండి. ఒక వెలుగులో సరిపోయి ఇంకో వెలుగులో వేరైపోయే షేడ్లు ఉంటాయి, ముఖ్యంగా లేత నీలాలు, బూడిదలు. పాత పిగ్మెంటు వేరు, ఇప్పటి పిగ్మెంటు వేరు కావడమే కారణం. నేనైతే పగటి వెలుగుకే సరిచేస్తాను. కారుని జనం చూసేది పగలే కదా. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ ఫియట్ల ఫొటోలు చూసి మాత్రం షేడు ఎంచుకోకండి. వాటిలో సగం కార్లకి ఓనర్లు తమకి నచ్చిన రంగు వేయించుకున్నారు, పైగా ప్రతి ఫోను స్క్రీనూ నీలాన్ని ఒక్కోలా చూపిస్తుంది.

పని వరసలో మీరు కన్నేసి ఉంచాల్సినవి కొన్నే. రుద్దడం మొదలుపెట్టక ముందే కారంతా మంచినీళ్లతో శుభ్రంగా కడగాలి. ఉప్పు మీద పేపర్ పెడితే ఆ ఉప్పుని రేకులోకి రుద్దినట్టే, ఏడాది తిరిగేసరికి ప్రైమర్ కింద బుడగలు వస్తాయి. రేకు బయటపడిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మన ఊళ్లో ఖాళీ రేకుని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొర కనిపిస్తుంది. లప్పాన్ని పొడిగానే రుద్దాలి, అది నీళ్లు పీల్చుకుంటుంది. స్ప్రే చేసే రోజు గాలిలో తేమ 85 శాతం దాటితే పని వాయిదా వేయాలి. కంప్రెసర్‌కి నీళ్లు పట్టే ఫిల్టర్ ఉందో లేదో అడగండి. రోజూ పొద్దున ట్యాంకులో నీళ్లు వదిలారో లేదో కూడా అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. కొటేషన్‌లో గీకుడు, టింకరింగ్, ప్రైమర్, రంగు, పాలిష్ విడివిడిగా రాయించుకోండి. రంగుకి ఎక్కువ, గీకుడికి తక్కువ రాసిన కొటేషన్ అనుమానించాల్సిందే. ఖర్చులో ఎక్కువ భాగం రంగు పడకముందే అయిపోవాలి.

ఒకవేళ తెలుపు కింద ఉన్న నీలం చాలా చోట్ల క్షేమంగా ఉంటే, తెలుపుని మాత్రమే ఓపిగ్గా తీసి నీలాన్ని పాలిష్‌తో బతికించడం ఒక దారి. సమయం విపరీతంగా పడుతుంది, చాలా షాపులు ఒప్పుకోవు. అతుకుల దగ్గర తేడా కనిపిస్తుంది. కానీ దొరికితే దానికి మించింది లేదు, నేనైనా ముందు అదే ప్రయత్నించమంటాను. ఒక తలుపు మీద చేయించి చూసి, తర్వాత నిర్ణయించుకోండి.

కాగితాల సంగతి. ఆర్సీలో ఏ రంగు రాసి ఉందో చూసుకోండి. ఆ తెల్ల రంగు వేయించినప్పుడు మార్పించి ఉంటే, ఇప్పుడు నీలానికి మళ్లీ ఆర్టీవోలో నమోదు చేయించుకోవాలి. మార్పించకుండా వదిలేసి ఉంటే మీకే లాభం, కాగితంలో ఇంకా నీలమే ఉంటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని కార్లని వింటేజ్‌గా 'వీఏ' సిరీస్‌లో రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ అలా చేయిస్తే రోజువారీ వాడకానికి కుదరదు. ఆదివారాలు భీమిలి దాకా వెళ్లి రావాలని ఉంటే తొందరపడకుండా ఆలోచించుకుని అప్లై చేయండి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో స్ప్రే పడేలా చూసుకోండి, అప్పుడు గాలి కాస్త పొడిగా ఉంటుంది. టింకరింగ్ ఈలోపు మొదలుపెట్టొచ్చు. షేడు కోసం దుకాణానికి వెళ్లేటప్పుడు కారు తోలుకెళ్లాల్సిన పని లేదు, గ్లవ్ బాక్స్ మూత విప్పి పట్టుకెళ్లండి. తెలుపు అక్కడిదాకా పాకకపోయి ఉంటే లోపలి వైపు నీలం బాగానే ఉంటుంది. దాని ఫొటో, థిన్నర్ పరీక్షలో ఏం తేలిందీ ఇక్కడ పెడితే ప్రైమర్ ఏది వాడాలో చెప్తాను.